మాటలు లెక్కపెట్టి విషయం చెప్పే యంత్రం

“పళ్లు పచ్చబడ్డాయి.”

ఈ వాక్యం దేన్ని గురించి? మామిడితోటల మధ్య పెరిగిన విద్యార్థిని అడిగితే చెట్టున మాగిన పళ్ల గురించి అంటాడు. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోరునీళ్లు తాగే ఊరి విద్యార్థిని అడిగితే నోట్లోని పళ్ల గురించి అంటాడు. ఇద్దరూ తెలుగువాళ్లే. వాక్యమూ ఒక్కటే. మరి ఏ భాషా రాని కంప్యూటరు ముందు ఈ వాక్యం ఉన్న వ్యాసాన్ని పెట్టి, “ఇది ఏ విషయం గురించో చెప్పు” అంటే అది ఏం చెబుతుంది?

ఆశ్చర్యం ఏమిటంటే, ఇటువంటి పనిని కంప్యూటర్లు చాలాకాలంగా చేస్తూనే ఉన్నాయి. వార్తలు, ఉత్తరాలు, పరిశోధన పత్రాలు రోజూ లక్షల సంఖ్యలో పుట్టుకొస్తున్నాయి. వాటినన్నిటినీ చదివి విషయాలవారీగా సర్దడానికి మనుషులు చాలరు. అందుకని కంప్యూటరే ప్రతి రాతకూ ‘ఆరోగ్యం’, ‘తాగునీరు’, ‘గిద్దలూరు’ వంటి కొన్ని గుర్తుమాటలు తగిలిస్తుంది. ఈ గుర్తుమాటలకే ట్యాగులని పేరు. సంతకు వెళ్లే మూటమీద అంటించే చీటీ వంటిదే ట్యాగు. మూట విప్పకుండానే లోపల ఏముందో చీటీ చెప్పాలి.

అర్థం తెలియని యంత్రం సరైన చీటీ ఎలా అంటిస్తుంది? ఎక్కడ పొరపాటు పడుతుంది? ఆ పొరపాటువల్ల మనకు వచ్చే నష్టం ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చూద్దాం.

ఒక పుస్తకం, ఒకే అర

మార్కాపురంలో ఒక ఉన్నత పాఠశాల ఉందనుకుందాం. అక్కడి విద్యార్థులు తమ గోడపత్రిక కోసం 32 వ్యాసాలు రాశారు. కంభం చెరువు మీద ఒకటి, నల్లమల పులుల మీద ఒకటి, గుంటూరు నుంచి గిద్దలూరు మీదుగా గుంతకల్లు పోయే రైలుమార్గం మీద ఒకటి, తాగునీటి మీద కొన్ని. మార్కాపురం పలకల మీద కూడా ఒకటి ఉంది. ఒకప్పుడు ఎన్నో రాష్ట్రాల బడిపిల్లలు అక్షరాలు దిద్దుకున్న నల్లరాతి పలకలు ఇక్కడి గనుల నుంచే వెళ్లాయి కదా!

ఈ వ్యాసాలను విషయాలవారీగా అట్టపెట్టెల్లో పెట్టాలి. పలకల వ్యాసం ఏ పెట్టెలోకి వెళ్లాలి? పలకరాయి ఒక శిల కాబట్టి భూగర్భశాస్త్రంలోకి వెళ్లవచ్చు. రాయిని చీల్చి చట్రం బిగించడం పరిశ్రమ కాబట్టి అందులోకీ వెళ్లవచ్చు. ‘మన ఊరు’ అనే పెట్టెకూ దానిమీద హక్కు ఉంది. కాగితం మాత్రం ఒక్కటే. అది ఒక్క పెట్టెలోనే ఉండగలదు.

గ్రంథాలయాలకు ఇది పాత తలనొప్పి. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ జ్ఞానాన్నంతా పది భాగాలుగా, ఒక్కో భాగాన్ని మళ్లీ పది భాగాలుగా విడగొట్టి దశాంశ వర్గీకరణను తయారుచేశాడు. అందులో ప్రతి పుస్తకానికీ ముందే కట్టిన గది ఒకటి ఉంటుంది. రెండు మూడు విషయాలు కలిసిన పుస్తకం వస్తే ఏదో ఒక గదిలో సర్దుకోవాల్సిందే.

దీనికి మరో దారి చూపించినవాడు మన దేశస్థుడే. ఆయన ఎస్. ఆర్. రంగనాథన్. గణితం బోధించే అధ్యాపకుడు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయి, శిక్షణకోసం లండను వెళ్లాడు. అక్కడ ఒక పెద్ద దుకాణంలో మెకానో అనే ఆటవస్తువు ఆయన కంటపడింది. అవే ఇనుప పట్టీలు, అవే మరలు. ఒకసారి బిగిస్తే బండి, విప్పి మళ్లీ బిగిస్తే వంతెన. విషయాలను కూడా ఇలా విడిభాగాలుగా చేసి బిగించవచ్చు కదా అని ఆయనకు తోచింది. 1933లో వెలువడిన ఆయన కోలన్ వర్గీకరణకు ఈ ఆలోచనే మూలం. విడిభాగాల మధ్య కోలన్ అనే రెండు చుక్కల గుర్తు పెట్టడంవల్ల దానికి ఆ పేరు వచ్చింది.

ఆ పద్ధతిని మనకు కావలసినంత సులభంచేసి చెప్పుకుంటే, ప్రతి రాతనూ ఐదు ప్రశ్నలు అడగాలి. దేన్ని గురించి? ఏ పదార్థం? ఏ పని? ఏ చోటు? ఏ కాలం? పలకల వ్యాసానికి ‘బడిపలక’, ‘పలకరాయి’, ‘గని పని’, ‘మార్కాపురం’, దానితోపాటు కాలం అని జవాబులు వస్తాయి. వీటిని ఐదు చీటీలమీద రాసిపెడితే, కాగితం ఏ పెట్టెలో ఉన్నా ఐదు దారుల్లో దాన్ని చేరుకోవచ్చు. ట్యాగులు చేసే మేలు ఇదే.

లూన్ లెక్క

ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే వ్యాసం చదివి అర్థం చేసుకోవాలి. యంత్రానికి అది రాదు. దానికి వచ్చిన విద్య ఒక్కటే, లెక్క. ఆ లెక్కతోనే పని జరిపించవచ్చునని 1958లో అమెరికాలోని ఐబీఎం సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ చూపించాడు.

ఆయన ఆలోచన చాలా తేలిక. రచయిత ఒక విషయం మీద రాస్తున్నప్పుడు ఆ విషయానికి చెందిన మాటలు మళ్లీమళ్లీ వాడక తప్పదు. కాబట్టి ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. ఎక్కువసార్లు వచ్చే మాటల వరుసలో మొదట ఏవి ఉంటాయి? తెలుగులో అయితే ‘ఈ’, ‘ఆ’, ‘ఒక’, ‘కూడా’, ‘అని’ ఉంటాయి. ఇవి అన్ని వ్యాసాల్లోనూ ఉండేవే. వీటిని పక్కన పెట్టాలి. ఒక్కసారే వచ్చి మళ్లీ కనబడని మాటలనూ పక్కన పెట్టాలి. మధ్యలో మిగిలిన మాటలే ఆ వ్యాసం విషయాన్ని పట్టిస్తాయని లూన్ చెప్పాడు.

బియ్యం జల్లించినట్టే ఉంది కదా! అయితే ఈ జల్లెడలో ఒక ప్రమాదం ఉంది. నీళ్ల గురించిన వ్యాసంలో ఒక పల్లె పేరు ఒక్కసారే రావచ్చు. ఆ పల్లెవాళ్లకు వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

అరుదైన మాటకు బరువు ఎక్కువ

ఒక వ్యాసంలో మాట ఎన్నిసార్లు వచ్చిందో చూస్తే సరిపోదని, మిగతా వ్యాసాల్లో అది ఎంత అరుదో కూడా చూడాలని 1972లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్ వివరించింది. అన్ని వ్యాసాల్లోనూ కనబడే మాట ఏ ఒక్క వ్యాసాన్నీ వేరుచేసి చూపించలేదు. కొద్ది వ్యాసాల్లోనే కనబడే మాట చూపించగలదు.

దీన్ని మన గోడపత్రిక మీద లెక్క వేసి చూద్దాం. తాగునీటి మీద రాసిన ఒక వ్యాసం తీసుకుందాం. అందులో ‘మన’ 9 సార్లు, ‘నీళ్లు’ 6 సార్లు, ‘బోరు’ 4 సార్లు, ‘ఫ్లోరైడు’ 4 సార్లు వచ్చాయనుకుందాం. ఇక మొత్తం 32 వ్యాసాల్లో ‘మన’ అన్నిటిలోనూ ఉంది. ‘నీళ్లు’ 16 వ్యాసాల్లో, ‘బోరు’ 8 వ్యాసాల్లో, ‘ఫ్లోరైడు’ 4 వ్యాసాల్లో మాత్రమే ఉన్నాయి.

మాట బరువు కట్టడం ఇలా: 32ను ఆ మాట ఉన్న వ్యాసాల సంఖ్యతో భాగించాలి. వచ్చిన భాగఫలం 2కు ఎన్నో ఘాతమో చూడాలి. అదే మాట బరువు.

‘మన’ విషయంలో 32ను 32తో భాగిస్తే 1, అంటే 2కు సున్నా ఘాతం. బరువు 0.
‘నీళ్లు’ విషయంలో 32ను 16తో భాగిస్తే 2. బరువు 1.
‘బోరు’ విషయంలో 32ను 8తో భాగిస్తే 4. బరువు 2.
‘ఫ్లోరైడు’ విషయంలో 32ను 4తో భాగిస్తే 8. బరువు 3.

ఇప్పుడు వ్యాసంలో ఆ మాట వచ్చిన సార్లను బరువుతో హెచ్చించండి. ‘మన’కు 9 × 0 = 0 మార్కులు. ‘నీళ్లు’కు 6 × 1 = 6. ‘బోరు’కు 4 × 2 = 8. ‘ఫ్లోరైడు’కు 4 × 3 = 12. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన ‘మన’ అడుగుకు పోయింది. ‘ఫ్లోరైడు’ మొదటి స్థానానికి వచ్చింది. యంత్రానికి ఫ్లోరైడు అంటే ఏమిటో తెలియదు. అయినా సరైన చీటీ అంటించింది!

తెలుగు మాటకు తోకలెన్నో

ఇంగ్లీషులో ఒక నామవాచకానికి రూపాలు కొన్నే. తెలుగులో అలా కాదు. పలక, పలకలు, పలకను, పలకతో, పలకమీద, పలకల్లో, పలకలకు. మార్కాపురం, మార్కాపురంలో, మార్కాపురానికి, మార్కాపురమంతా. గిద్దలూరు, గిద్దలూరులో, గిద్దలూరికి, గిద్దలూరి. చదివే మనకు ఇవన్నీ ఒక్కటే. అక్షరాలు మాత్రమే చూసే యంత్రానికి దేనికది వేరే మాట. ఒక విద్యార్థి ‘నీళ్లు’ అని, ఇంకొకరు ‘నీళ్ళు’ అని రాస్తే అవి కూడా రెండు మాటలే.

దీనివల్ల మన లెక్క ఏమవుతుందో చూడండి. ఆ వ్యాసంలో ఫ్లోరైడు నాలుగుసార్లు వచ్చింది. కాని విద్యార్థి ఒకసారి ‘ఫ్లోరైడు’ అని, ఒకసారి ‘ఫ్లోరైడును’ అని, ఒకసారి ‘ఫ్లోరైడువల్ల’ అని, ఒకసారి ‘ఫ్లోరిన్’ అని రాశాడనుకుందాం. మిగతా వ్యాసాల్లో మరే రూపాలో ఉన్నాయి, ఈ నాలుగూ లేవు. అప్పుడు ఒక్కో రూపం బరువు 5 (32 అంటే 2కు ఐదో ఘాతం), వచ్చింది ఒక్కసారి. మార్కులు 5. ‘బోరు’ 8 మార్కులతో, ‘నీళ్లు’ 6 మార్కులతో ముందుకు పోతాయి. వ్యాసం ఏ జబ్బు గురించి గోడు చెప్పుకున్నదో ఆ మాటే చీటీమీదకు రాకుండా పోతుంది.

దీనికి మందు తోకలు కత్తిరించడం. -లో, -కు, -తో, -ను, -లు వంటి చివరలను తీసేసి మొదలు మాటను మిగిల్చే నియమాలు యంత్రానికి ఇవ్వాలి. కాని కత్తెర జాగ్రత్తగా ఆడించాలి. ‘పాలు’ అనే మాటలో ‘లు’ కత్తిరిస్తే ఏం మిగులుతుంది? మరో చిక్కు చూడండి. “మా తమ్ముడి దగ్గర పలకలేదు.” “మాస్టారు పిలిచినా తమ్ముడు పలకలేదు.” మొదటిదానిలో రాతిపలక ఉంది. రెండోదానిలో ఉన్నది మౌనం. కత్తెరకు రెండూ ఒక్కటే! మార్కాపురం పలకల వ్యాసాల పక్కన మాట్లాడని తమ్ముడి కథ వచ్చి కూర్చుంటుంది.

పొరుగు మాటల సాక్ష్యం

ఇలాంటి మాటలను విడదీయడానికి పొరుగు మాటలను సాక్ష్యం అడగాలి. 1961లో అమెరికాలో ఎం. ఇ. మారన్ ఈ పద్ధతిని ప్రయోగించి చూశాడు. మనుషులు ముందే వర్గాలుగా సర్దిన పత్రాల సారాంశాలను తీసుకుని, ఏ వర్గంలో ఏ మాట ఎంత తరచుగా వస్తుందో లెక్కించి, దాని ఆధారంగా కొత్త పత్రం ఏ వర్గానిదో కంప్యూటరుచేత ఊహింపజేశాడు. దీనికి పునాది 18వ శతాబ్దంలో థామస్ బేయిస్ కనుగొన్న సంభావ్యతా సూత్రం.

మన ‘పళ్లు’ దగ్గరికి వద్దాం. టీచరు చదివి ‘ఆరోగ్యం’ అని చీటీ అంటించిన వ్యాసాలు 10, ‘వ్యవసాయం’ అని అంటించినవి 10 ఉన్నాయనుకుందాం. ‘పళ్లు’ అనే మాట ఆరోగ్య వ్యాసాల్లో ఆరింటిలో, వ్యవసాయ వ్యాసాల్లో ఐదింటిలో ఉంది. కాబట్టి ఆ మాట ఒక్కటే ఏమీ తేల్చదు. ‘డాక్టరు’ అనే మాట ఆరోగ్యంలో ఏడింటిలో, వ్యవసాయంలో ఒక్కదానిలో ఉంది. కొత్త వ్యాసంలో ‘పళ్లు’, ‘డాక్టరు’ రెండూ కనబడ్డాయి. ఆరోగ్యం వైపు 0.6 × 0.7 = 0.42. వ్యవసాయం వైపు 0.5 × 0.1 = 0.05. యంత్రం ‘ఆరోగ్యం’ చీటీ అంటిస్తుంది. ‘డాక్టరు’ బదులు ‘తోట’ ఉంటే లెక్క తిరగబడేది.

ఇలా నేర్పిన యంత్రానికి పరీక్ష పెట్టేటప్పుడు, నేర్పడానికి వాడిన వ్యాసాలనే మళ్లీ ఇవ్వకూడదు. పాఠంలో చేసిన లెక్కనే పరీక్షలో ఇస్తే విద్యార్థికి లెక్క వచ్చిందో, బట్టీ వచ్చిందో ఎలా తెలుస్తుంది?

నేటి యంత్రాలు ఇంకా ముందుకు వెళ్లాయి. 2013 తరువాత బాగా వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతిలో ప్రతి మాటనూ కొన్ని వందల అంకెల వరుసగా మారుస్తారు. ఒకే రకమైన పొరుగు మాటల మధ్య తిరిగే మాటలకు దగ్గరదగ్గర అంకెలు వస్తాయి. ‘ఫ్లోరైడు’, ‘ఫ్లోరిన్’ రెండూ బోరు, పళ్లు, ఎముకలు అనే మాటల మధ్యే తిరుగుతాయి కాబట్టి అవి చుట్టాలని యంత్రం కనిపెడుతుంది. అయితే ఈ విద్య రావాలంటే యంత్రం చదవడానికి కోట్లకొద్దీ వాక్యాలు కావాలి. ఇంగ్లీషులో అవి ఉన్నంతగా తెలుగులో లేవు. మన ఊళ్ల గురించి, మన మాటల్లో రాసినవి ఇంకా తక్కువ.

వ్యాసంలో లేని మాట

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నీ వ్యాసంలో ఉన్న మాటలనుంచే చీటీ తయారుచేస్తాయి. కావలసిన మాట వ్యాసంలో అసలే లేకపోతే?

దీనికి ఈ ప్రాంతంలోనే నిజమైన ఉదాహరణ ఉంది. ఫ్లోరైడు నీళ్లవల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఈ జబ్బు మీద ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. మన దేశంలో ఈ జబ్బు మీద వెలువడిన తొలి పత్రాలలో అది ఒకటి. పత్రం శీర్షికలో ఉన్న చోటు పేరు నెల్లూరు జిల్లా. షార్టే మరి కొందరితో కలిసి అదే సంవత్సరం రాసిన ఇంకో పత్రం శీర్షికలో మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంది.

ఆనాటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు కూడా ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చి అందులో చేరాయి. మొదట ఒంగోలు జిల్లా అన్న ఆ జిల్లాకు 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఇప్పుడు ఈ ప్రాంతపు విద్యార్థి ఒకరు ‘ప్రకాశం జిల్లా, ఫ్లోరైడు’ అని వెతికితే ఆ పాత పత్రాలు దొరుకుతాయా? 1937లో ప్రకాశం అనే జిల్లా లేదు. మాటలు ఎంత బాగా లెక్కపెట్టినా లేని మాట లెక్కలోకి రాదు.

పలకరాయి సంగతీ ఇంతే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు పలకరాళ్లను కడప శిలాద్రోణిలో, కంభం శిలాసమూహం కింద చెబుతారు. ‘మార్కాపురం పలక’ అని వెతికే విద్యార్థికి ‘కడప’ అనే పేరు కింద ఉన్నది తన ఊరి రాయేనని ఎవరు చెప్పాలి?

గ్రంథాలయాలు దీనికి ఏనాడో ఒక ఉపాయం కనిపెట్టాయి. సూచికలో ‘ఫ్లోరిన్ నీళ్లు’ అనే చోట ‘ఫ్లోరైడు చూడుము’ అని రాసి ఉంచుతారు. ‘పొదిలి’ చీటీ మీద ‘1970కి ముందు నెల్లూరు జిల్లా’ అని రాస్తారు. ఇటువంటి ‘చూడుము’ పట్టికను ఎవరైనా తెలిసినవారు తయారుచేసి ఇస్తే కంప్యూటరు దాన్ని క్షణంలో లక్ష వ్యాసాలకు వర్తింపజేయగలదు. నేటి యంత్రాలు ఇలాంటి సంబంధాలు కొన్నిటిని చదివి నేర్చుకుంటున్నాయి. అయితే ఆ సంగతి ఎవరో ఎక్కడో రాసి ఉంటేనే అవి నేర్చుకోగలవు.

జిల్లాల హద్దులు మారుతుంటాయి, ఊరు మాత్రం కదలదు. అందుకని నీటిపరీక్ష ఫలితానికి జిల్లా పేరు ఒక్కటే చీటీగా పెడితే చాలదు, ఊరిపేరు కూడా ఉండాలి. ఒకే బావిని వేరువేరు సంవత్సరాల్లో పరీక్షించిన అంకెలు వేరువేరు పేర్ల కింద విడిపోతే, ఫ్లోరైడు పెరిగిందో తగ్గిందో ఎవరికీ తెలియదు. ఏ నీళ్లు మానాలో తెలియక తాగేది ఆ ఊరి పిల్లలు. లూన్ జల్లెడలో ఒక్కసారే వచ్చిందని జారిపోయే పల్లె పేరును మనం పట్టి ఉంచాల్సింది ఇందుకే.

మీరే చేసి చూడండి

మీ తరగతిలో 32 మంది ఒక్కో పేజీ చొప్పున మీ ఊరి గురించి రాయండి. 16 మందే ఉంటే తలా రెండు రాయండి. ప్రతి వ్యాసానికీ ఇద్దరు విద్యార్థులు, ఒకరిదొకరు చూడకుండా, ఐదేసి చీటీలు రాయాలి. తరువాత పోల్చి చూడండి. ఎన్ని చీటీలు కలిశాయి? చీటీ వేసే పని మనుషులకే ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇక మూడో విద్యార్థి కంప్యూటరులా నటించాలి. అర్థం ఆలోచించకుండా, పైన చెప్పిన పద్ధతిలో మాటలు లెక్కపెట్టి, బరువుతో హెచ్చించి, ఎక్కువ మార్కులు వచ్చిన ఐదు మాటలు రాయాలి. భాగఫలం 2కు సరిగ్గా ఘాతం కాకపోతే దగ్గరలో ఉన్న ఘాతాన్ని తీసుకోండి. ఒకసారి తోకలు కత్తిరించకుండా, ఒకసారి కత్తిరించి చేయండి. రెండు జాబితాలకు తేడా ఎంత?

చివరిగా ఒక నోటుపుస్తకంలో మీ ‘చూడుము’ పట్టిక మొదలుపెట్టండి. మీ ఊరికున్న పాత పేరు, చెరువుకు పెద్దవాళ్లు పిలిచే పేరు, ఒకే జబ్బుకు మీ అవ్వ చెప్పే పేరు, డాక్టరు చెప్పే పేరు పక్కపక్కన రాయండి. ఈ పేర్లలో చాలావాటిని ఏ కంప్యూటరూ ఇంతవరకు చదివి ఉండదు.